పదకొండు కాబేజీ పీపాలు, ఒక మాస్టర్ సర్వర్

సర్వర్ గది తలుపు తీసే ముందు నెవెనా ప్రతిసారీ ఒక పని చేసేది. వరండాలో నిలబడి గుండె నిండా ఊపిరి పీల్చుకునేది. ఆ ఊపిరి అయిపోయేలోగా లోపల పని చూసుకుని బయటపడాలి. మూడు వారాల్లో ఆ ఊపిరి ఎంత పెరిగిందంటే, మొరావా నదిలో ఈ ఒడ్డున మునిగి ఆ ఒడ్డున తేలొచ్చు, మధ్యలో చేపల్ని పలకరించి కూడా.

కంపు సర్వర్లది కాదు. వాటికి పాపం వేడే తప్ప వాసన ఉండదు. కంపంతా కాబేజీది.

నవంబర్ వచ్చాక సెర్బియాలోని చాచక్ ఊళ్ళో, చలికాలానికి ఉప్పునీళ్ళలో కాబేజీ ఊరేసే పీపా లేని మనిషంటే ఇల్లూ వాకిలీ లేని మనిషి కింద లెక్క. కానీ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి పీపా పెద్ద తలనొప్పి. బాల్కనీలో పెడితే గడ్డ కడుతుంది. లోపల పెడితే హీటర్ వేడికి కుళ్ళుతుంది. తొమ్మిదేళ్ళ కిందట డైరెక్టర్ రాతొమిర్ గారు ఈ సమస్యకి పరిష్కారం కనిపెట్టాడు. ఆఫీసులో సర్వర్ గది ఉంది. పద్దెనిమిది డిగ్రీలు, పగలూ రాత్రీ ఒకటే. రెండు ఏసీలు. కరెంటు పోతే జనరేటర్. ఆయన ముందు తన పీపా ఒకటి పెట్టాడు. తర్వాత అకౌంట్స్ వాళ్ళది వచ్చింది. తర్వాత గోడౌన్ వాళ్ళది, డ్రైవర్లది. ఇప్పుడు పదకొండు నీలం రంగు పీపాలు గోడ వారగా నిలబడి ఉన్నాయి, మీద చాక్‌తో నంబర్లు. సర్వర్ల ర్యాకులు మాత్రం రెండే. కొత్తగా చూసేవాడెవడైనా ఇది పచ్చళ్ళ ఫ్యాక్టరీ అనీ, కంప్యూటర్లు ఎవరో సరదాకి పెంచుకుంటున్నారనీ అనుకుంటాడు. బాల్కన్లు మొత్తమ్మీద జనరేటర్ సౌకర్యం ఉన్న కాబేజీ ఇదొక్కటే.

నిజానికి అది నలభై ఒక్క మందుల షాపులున్న కంపెనీ ఆఫీసు. జనం దగ్గుకీ, బీపీకీ, మోకాళ్ళ నొప్పులకీ మందులు కొనుక్కునేది ఈ గదిలోంచి నడిచే కంప్యూటర్ల మీదే. 

మంగళవారం పది కొట్టేసరికి డైరెక్టర్ చేతిలో గొట్టంతో వచ్చాడు. నెవెనా అప్పుడే ఊపిరి బిగబట్టి కీబోర్డు ముందు కూర్చుంది.

"లేవకు కన్నా, లేవకు. నీ పని నీదే, నా పని నాదే," అంటూ ఒకటో నంబరు పీపా మూత తీశాడు.

మూడు రోజులకోసారి రసం తిప్పాలి. అడుగున ఉన్న ఉప్పునీళ్ళు పైకి రావాలి, లేకపోతే కాబేజీ మెత్తబడుతుంది. బుద్ధున్నవాళ్ళు దీనికి పంపు వాడతారు. డైరెక్టర్ నోరు వాడతాడు. గొట్టం ఒక కొస పీపా అడుక్కి తోసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాడు. పైనున్న తెల్లటి తెట్టు కదిలింది, ఉబ్బింది, గుబగుబమని పగిలింది. ఆయన మొహం మొదట గులాబీ రంగు, తర్వాత ఎరుపు, తర్వాత వంకాయ రంగుకి వచ్చింది. పెద్ద మీసం. మీసం కొసలనించి రెండు చుక్కలు జారి చొక్కా మీద పడ్డాయి. ఆయన వాటిని వేలితో అద్ది నాలుక్కి రాసుకున్నాడు.

"వస్తోంది! వస్తోంది! డిసెంబర్లో సెయింట్ నికోలా పండక్కి తయారైపోతుంది!"

నెవెనాకి ఊపిరి అయిపోయింది. గత్యంతరం లేక పీల్చింది. పాత సాక్సులో చచ్చిన చేపని చుట్టి, దాన్నెవరో వెనిగర్లో ముంచి, క్షమించమని అడక్కుండా మొహానికి కట్టినట్టనిపించింది.

డైరెక్టర్ చిన్న కప్పుతో రసం ముంచి గటగటా తాగాడు. ఇంకో కప్పు ముంచి ఆమెకి చాచాడు. "ఆరోగ్యం, కన్నా! తాగు. కాలేయం కడిగినట్టవుద్ది."

"వద్దు డైరెక్టర్ గారూ. నా కాలేయం నిన్ననే కడుక్కున్నా."

"సరే, ఊదుతావా పోనీ?" గొట్టం కొసని మోచేతి మీద తుడిచి ముందుకి చాచాడు. "ఊపిరితిత్తులు గట్టిపడతాయి."

"నావి ఇప్పటికే గట్టిపడ్డాయి." ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. "డైరెక్టర్ గారూ, మళ్ళీ అడుగుతున్నా. సోమవారం లోపు ఈ పీపాలు ఎక్కడికన్నా మార్పించండి. ఈ తేమ, ఈ పులుపు సర్వర్లకి పడదు. ర్యాకు స్క్రూలు పచ్చగా అయిపోతున్నాయి."

డైరెక్టర్ గాయపడ్డ మనిషిలా చూశాడు. "అమ్మాయ్, ఈ కాబేజీ నీకంటే ముందొచ్చింది ఇక్కడికి. సర్వీసు చూసుకుంటే దానిది తొమ్మిదేళ్ళు. నీది మూణ్నెల్లు. అది శాశ్వతం. నువ్వింకా కాంట్రాక్టు."

 ఆ కాంట్రాక్టు సోమవారంతో అయిపోతుంది. శాశ్వతం అనే మాట కోసం వాళ్ళమ్మ మూడు నెలలుగా రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తోంది, ఒకే ఇంట్లో ఉంటూ కూడా. శాశ్వతం అంటే పెన్షన్ దాకా. శాశ్వతం అంటే బ్యాంకువాడు కూర్చోమంటాడు, డాక్టర్ నవ్వుతాడు.

"సోమవారం పొద్దున ఏడున్నరకి," డైరెక్టర్ గొట్టం చుట్టుకుంటూ అన్నాడు, "నలభై ఒక్క షాపులూ లేచి నిలబడితే నువ్వు శాశ్వతం. ఒక్కటి పడుకున్నా, నీకూ మాకూ బాకీ లేదు."

డైరెక్టర్ వెళ్ళాక పెర్సిదా వచ్చింది. ఈ ఆఫీసులో అకౌంట్లూ ఆవిడే, ఉద్యోగుల ఫైళ్ళూ ఆవిడే. కంపెనీ గుండ్రటి ముద్ర ఉన్న పెట్టె తాళం ఆవిడ మెళ్ళోనే ఉంటుంది. ఆవిడ ముద్ర పడకపోతే ఏ కాగితమూ కాగితం కాదు. అరవయ్యేళ్ళ మనిషి, సర్వర్ గదిలోకి వచ్చేటప్పుడు రెండు శాలువాలు కప్పుకుంటుంది. కంపు గురించి ఏనాడూ ఒక్క మాటనలేదు గానీ ఏసీ గాలి మెడకి తగిలితే మాత్రం ఆ రోజంతా వీలునామా గురించే మాట్లాడుతుంది.

తన పీపా, నాలుగో నంబరుది, మూత తీసి తొంగి చూసింది. "నెవెనా, ఇటు రా తల్లీ. ఇవి చిన్నగా కనిపించడంలా? కాబేజీకి పేరుమోసిన ఫుతోగ్ ఊరి నించి తెప్పించా. ఒక్కోటి మా మనవడి తలకాయంత ఉండాల. ఇప్పుడు చూడు, బంగాళాదుంపల్లా ఉన్నాయి."

నెవెనా తొంగి చూడలేదు. చూడాల్సి వచ్చేంత పాపం చేశానని ఆమె అనుకోలేదు. "డైరెక్టర్ గారేమన్నారు పిన్నీ?"

"ఉప్పులో ముడుచుకుపోయాయంటాడు. అరవయ్యేళ్ళొచ్చాయి నాకు. ముడుచుకున్న మొగుణ్ణి చూశా, ముడుచుకున్న కాబేజీని చూళ్ళా." మూత పెట్టేసి నెవెనా పక్కన కూర్చుంది. "ఇంతకీ నువ్వు చేసేదేంటో నాకు చెప్పు. నీ కొత్త కాంట్రాక్టు కాగితంలో ఏం రాయాలో తెలియాల కదా."

నెవెనా చెప్పింది. షాపుల్లో ఉన్న పాత కంప్యూటర్లన్నీ తీసేసి తెరలు మాత్రం ఉంచుతారు. వాటి బదులు ఇక్కడే ర్యాకులో నలభై ఒక్క సర్వర్లు లేస్తాయి, ఒక్కో షాపుకి ఒకటి. అవి నిజంగా పెట్టెలు కావు, పెద్ద పెట్టెలోపల ఊహించుకున్న పెట్టెలు. ఒక్కోదాన్నీ విడిగా తయారుచెయ్యక్కర్లేదు. ఒక్క మాస్టర్‌ని శుభ్రంగా తయారుచేసి, దాని డిస్కుని కాపీ తీసి, ఆ ఒక్క కాపీనే వైరు మీద అందరికీ పోస్తారు. ఎవరికి ఏ ముక్క కావాలంటే ఆ ముక్క, కావాల్సిన క్షణానికి.

"ఒకే వంట, నలభై ఒక్క పళ్ళాలు," అంది పెర్సిదా.

"అంతే. పళ్ళెంలో ఎవరేం కెలికినా, తెల్లారి ఆపి మళ్ళీ లేపితే కెలికిందంతా పోతుంది. మళ్ళీ మాస్టర్‌లో ఉన్నట్టే వస్తుంది."

"బానే ఉంది. మరి కష్టమేంటి?"

"మాస్టర్‌లో వెంట్రుక పడితే నలభై ఒక్క పళ్ళాల్లోనూ అదే వెంట్రుక, పిన్నీ. రోజూ. ఎన్నిసార్లు తీసి పారేసినా."

పెర్సిదా శాలువా ముక్కు దాకా లాక్కుంది, అసహ్యంతో. ఆ గదిలో ఆవిడకి అసహ్యం వెయ్యడం అదే మొదటిసారి.

మాస్టర్ కోసం కొత్త యంత్రం కొనడానికి డైరెక్టర్ ఒప్పుకోలేదు. మూల ర్యాకులో ఉన్న తొమ్మిదేళ్ళ పాత సర్వర్నే మాస్టర్ చెయ్యమన్నాడు. గదిలో తెర ఉన్న ఒకే ఒక్క యంత్రం అది. కాబట్టి తొమ్మిదేళ్ళుగా ఈ గదిలోకి ఏ పని మీద వచ్చినవాడైనా దాన్ని ముట్టుకోకుండా వెళ్ళలేదు.

నెవెనా మూడు రోజులు దాన్ని కడిగింది. లోపల అరవై నాలుగు ప్రింటర్లున్నాయి, అందులో బతికున్నవి రెండు. మూడు యాంటీవైరస్‌లు ఉన్నాయి, మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని తొమ్మిదేళ్ళుగా కాపలా కాసుకుంటున్నాయి. కొత్త ఫోల్డర్ అని ఒక ఫోల్డర్ ఉంది. దాన్లో ఇంకో కొత్త ఫోల్డర్, దాన్లో ఇంకోటి. పదిహేడు తలుపులు తీసుకుంటూ వెళ్తే చివర ఎవరిదో బొటనవేలు. ఫంగస్ పట్టి పసుపు తిరిగిన గోరు. రెండొందల పద్నాలుగు ఫొటోలు, ముందునించి, వెనకనించి, కిటికీ వెలుతుర్లో, ఒకటి పక్కన స్కేలు పెట్టి. అది ఎవరి వేలో ఎక్కడా రాసిలేదు. ఆ సాయంత్రం నుంచీ నెవెనా ఆఫీసులో ఎవరితో మాట్లాడినా ముందు బూట్ల వంక చూసేది.

గురువారం ఇంకొకటి దొరికింది. కాబేజీ పేరుతో డైరెక్టర్ గారి డైరీ. తొమ్మిదేళ్ళది. ఏ తేదీన ఎంత ఉప్పు, ఏ తేదీన రసం తిప్పింది, మళ్ళీ ఎప్పుడు తిప్పాలో గుర్తుచేసే గంట. ఆమె మొదటి పేజీ దాటి చదవలేదు. పేరు చూస్తేనే వాసనేసింది. కళ్ళు మూసుకుని చెరిపేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి మాస్టర్ అద్దంలా ఉంది. ఇక మిగిలింది సీలు. సీలంటే మైనం కాదు, మతిమరుపు. ప్రతి సర్వర్‌కీ లోపల ఒక గుర్తు నంబరుంటుంది, మన వేలిముద్రలాంటిది. షాపుల మందుల లెక్కలన్నీ ఉండే పెద్ద డేటాబేస్ ఆ నంబరు చూసే లోపలికి రానిస్తుంది. సీలు వేస్తే మాస్టర్ తన నంబరు మర్చిపోయి ఆగిపోతుంది. ఆ మర్చిపోయిన స్థితిలోనే కాపీ తియ్యాలి. అప్పుడు ప్రతి కాపీ మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు తన నంబరు తను పుట్టించుకుంటుంది. కాపీ తియ్యకముందే ఎవడైనా మాస్టర్‌ని ఆన్ చేశాడో, అది అక్కడే కళ్ళు తెరిచి ఒక నంబరు పుట్టించుకుని కూర్చుంటుంది. ఇక కాపీలన్నిటికీ అదే నంబరు.

కాపీ దాచే డిస్కుల పెట్టె బెల్‌గ్రేడ్ నుంచి శనివారం పొద్దునగానీ రాదు. అందుకని నెవెనా సీలు వేసి, యంత్రం ఆగాక, పవర్ బటన్ మీద అడ్డంగా కాగితం అంటించింది. ఎర్ర అక్షరాలతో రాసింది: ఆన్ చెయ్యొద్దు. ఎవరూ. ఏ కారణంతోనూ. దాని కింద ఇంకో లైను: అవును, మీరే.

తలుపు మూసి, ఇంటికెళ్ళి, జుట్టు మూడుసార్లు తలంటుకుంది.

శనివారం పొద్దున ఆమె వచ్చేసరికి మాస్టర్ ఆగే ఉంది. కాగితం ఉన్నచోటే ఉంది, కాస్త వంకరగా. బటన్ మీద జిగటగా ఏదో తడి తగిలింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే పెట్టుకున్నందుకు బాధపడి, తుడిచేసింది. ఈ గదిలో తడిగా లేనిదేముంది? గోడలే చెమట పడుతున్నాయి.

డిస్కుల పెట్టె వచ్చింది. కాపీ తీసింది. పరీక్షకి ఒక్క సర్వర్ లేపి, మాస్టర్ తెరని దానికి కలిపింది. బ్రహ్మాండంగా లేచింది. ఒక్కటే ఉన్నప్పుడు దానితో గొడవపడేది ఎవరు కనక?

"అయిపోయినట్టేనా?" అని ఫోన్లో అడిగింది వాళ్ళమ్మ, పక్కగదిలోంచి.

"అయిపోయినట్టే."

"శాశ్వతమేనా?"

"సోమవారం."

సోమవారం ఏడున్నరకి నలభై ఒక్క షాపులు తెరుచుకున్నాయి. ఏడూ ముప్పై రెండుకి మొదటి ఫోన్ వచ్చింది. ఇవాన్యిత్సా షాపు ఫార్మసిస్ట్.

"నెవెనా, ఇదేం యంత్రం అమ్మా? ఐదు సెకన్లు పనిచేస్తుంది, తర్వాత నువ్వెవరివి అంటుంది. నేను ఇరవై రెండేళ్ళ నుంచీ ఇక్కడే ఉన్నానని దానికి చెప్పు."

తర్వాత గూచా. తర్వాత లుచాని. తర్వాత నాలుగు ఫోన్లు ఒకేసారి. ఒక షాపు లోపలికి వెళ్తే ఇంకో షాపు బయటికి పడుతోంది. నలభై ఒక్క సర్వర్లు ఒకే కుర్చీలో కూర్చోబోతున్నాయి, ఒకదాని ఒళ్ళో ఒకటి. తెల్లారకముందే వచ్చి బీపీ మందుల కోసం వరసలో నిలబడ్డ పెన్షనర్ల బీపీ, చాచక్ జిల్లా చరిత్రలో ఎప్పుడూ లేనంత పైకి వెళ్ళింది.

నెవెనా డేటాబేస్ చూసింది. నలభై ఒక్క వరసలు, ఒకటే గుర్తు నంబరు.  మాస్టర్‌ని ఎవరో ఆన్ చేశారు.

డైరెక్టర్ వచ్చేసరికి ఆమె సర్వర్ గదిలోనే ఉంది. ఊపిరి బిగబట్టడం కూడా మర్చిపోయింది.

"డైరెక్టర్ గారూ, శుక్రవారం నేను వెళ్ళాక మాస్టర్‌ని ఎవరైనా ఆన్ చేశారా?"

"ఎవరు చేస్తారు? కాగితం పెట్టావుగా!"

"మీరు గానీ..."

"నేనా?" మీసం వణికింది. "నాకు ఆన్ ఎటో ఆఫ్ ఎటో కూడా తెలీదు. అమ్మాయ్, తప్పు చేసినప్పుడు ఒప్పుకోవాల. నువ్వు సీలు సరిగ్గా వెయ్యలా. అంతే." వరండాలోకి తిరిగి కేకేశాడు. "పెర్సిదా! కాగితం తీసుకురా. నెవెనా కాంట్రాక్టు ఈరోజుతో ముగిసిందని రాయి. కొత్తది లేదు."

పెర్సిదా రెండు శాలువాలతో వచ్చి, అక్కడే ఆ పరీక్ష సర్వర్ తెర ముందు కూర్చుని, నెవెనా వంక చూడకుండా టైపు చెయ్యడం మొదలెట్టింది. "పొరపాటు నీదేనా తల్లీ?" అని మెల్లగా అడిగింది.

"కాదు పిన్నీ. ఎవరో లేపారు దాన్ని. కానీ ఎలా చూపించను? లేపినవాడు వేలిముద్ర వదుల్తాడా?"

అనేసరికి తన వేలు గుర్తొచ్చింది. శనివారం ఆ బటన్ మీద తడి. జిగట. ఆ పులుపు. ఆమె ముడుచుకున్న మొహంతో డైరెక్టర్ చేతుల వంక చూసింది. ఆయన అప్పుడే పది కావస్తోందని గొట్టం విప్పుతున్నాడు. ఆయన వేళ్ళు పది. పదీ తడి.

"డైరెక్టర్ గారూ," అంది నెవెనా, "శుక్రవారం రసం తిప్పడానికి వచ్చారా?"

"మూడు రోజులకోసారి తిప్పాల. మంగళవారం తిప్పా, శుక్రవారం కాస్త ఆలస్యమైనా తిప్పా, ఈరోజు..."

పది కొట్టింది.

పెర్సిదా ముందున్న తెర మీద టింగుమని గంట మోగింది. టైపు చేస్తున్న కాగితం మీద ఒక పెట్టె తెరుచుకుంది, దాన్లో పెద్ద అక్షరాలు. పెర్సిదా కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది, ఆవిడకి ఏదైనా పైకి చదవడమే అలవాటు.

"పాత డైరీ ఎవరో చెరిపేశారు, వెధవలు. మళ్ళీ మొదలు. సోమవారం పదింటికి రసం తిప్పాలి. ఐదో పీపాకి ఉప్పు చాల్లేదు. నాలుగులోంచి ఇంకో మూడు పెద్దవి నా దాన్లోకి మార్చా, చిన్నవి వేశా, మొత్తం ఇప్పటికి తొమ్మిది. పెర్సిదాకి ముడుచుకుపోయాయని చెప్పాలి. రాతొమిర్. శుక్రవారం, సాయంత్రం ఐదూ ఏడు."

 మూడో పీపాలో ఒక బుడగ పగిలింది.

"అది..." అన్నాడు డైరెక్టర్. "ఆగిపోయి ఉంటే పాపం ఎవరో మర్చిపోయారనుకున్నా. లేపా. రాసుకున్నా. మళ్ళీ ఎలా ఉన్నది అలానే ఆపేశా, కాగితం కూడా అంటించా! ఇంకేం నష్టం?"

ఫోన్ మోగింది. నెవెనా స్పీకర్ మీద పెట్టింది. గూచా ఫార్మసిస్ట్.

"నెవెనా, మందులు తర్వాత సంగతి. ఎవరా పెర్సిదా? ఆవిడ కాబేజీలు ఆవిడకి ఇచ్చెయ్యమని చెప్పండి. ఇక్కడ లైన్లో ఉన్న ముసలమ్మలంతా తెర చదివారు. ఒకావిడ ఏడుస్తోంది. ఇంకొకావిడ ఆ రాతొమిర్ ఇల్లెక్కడని అడుగుతోంది."

ఇవాన్యిత్సా నుంచి ఫోన్. లుచాని నుంచి ఫోన్. నలభై ఒక్క తెరల మీద ఒకటే గంట, ఒకటే పెట్టె. పశ్చిమ సెర్బియాలో సగం మందికి ఇప్పుడు నాలుగో పీపా సంగతి తెలుసు.

డైరెక్టర్ ఎగిరి వచ్చి మౌసు లాక్కుని పెట్టె మూసేశాడు. డైరీ చెరిపేశాడు. "ఇదిగో, పోయింది. అన్నిట్లోనూ ఇలాగే చెరిపెయ్యండి, చెప్పు వాళ్ళకి!"

"చెరపమనండి," అంది నెవెనా. "ఆపి మళ్ళీ లేపితే వచ్చేస్తుంది. మాస్టర్ కాపీలో ఉంది కదా. రోజూ పొద్దున తాజాగా."

ఆయన నమ్మలేదు. దాన్ని ఆపి లేపాడు. టింగ్. పక్క సర్వర్ ఆపి లేపాడు. టింగ్. పన్నెండు సర్వర్లు ఆపి లేపాడు, మీసం మీదనించి చెమట కారుతుండగా, ప్రతిదాంట్లోనూ ఆయన తనంతట తానే తొమ్మిది కాబేజీల దొంగతనం ఒప్పుకున్నాడు. పదమూడోదాని దగ్గర కూలబడ్డాడు.

ఈలోపు పెర్సిదా కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి నాలుగో పీపా మూత తీసింది, చూసింది, మూసింది. ఒకటో పీపా మూత తీసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక కాబేజీ బయటికి లాగింది. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, తప్పిపోయిన మనవడు దొరికినట్టు చూసింది. శాలువా తడిసిపోయింది. నెవెనా మొహం తిప్పేసుకుంది, చూస్తే బయటికి వచ్చేది కన్నీళ్ళు కాదని.

"ఫుతోగ్‌ది," అంది పెర్సిదా. తర్వాత కుర్చీలో కూర్చుని, టైపు చేసిందంతా చెరిపేసి, మొదటినుంచి మొదలెట్టింది. "నెవెనా, ఏం రాయమంటావు?"

"పెర్సిదా, నీకు మతిపోయిందా, డైరెక్టర్ని నేను!"

"నువ్వు దొంగవి, రాతొమిర్. తెర మీద రాసుంది. సంతకం కూడా పెట్టావు."

నెవెనా ఊపిరి పీల్చుకుంది. ఈసారి కావాలనే, నిండుగా, కంపుతో సహా. "మాస్టర్‌ని మళ్ళీ కడిగి సీలు వెయ్యడానికి గంట. కాపీకి ఇంకో గంట. పన్నెండున్నరకి అన్ని షాపులూ లేస్తాయి, ఆ గంట మళ్ళీ మోగదు. కానీ నా కాంట్రాక్టు ఈరోజుతో అయిపోయింది కదా డైరెక్టర్ గారూ. ఉద్యోగం లేనిదాన్ని మీ యంత్రాన్ని ఎలా ముట్టుకుంటాను? తప్పు."

"సరే. శాశ్వతం. రాయి."

"ఇంకొకటి. కాబేజీ పీపాలన్నీ ఈ గదిలోంచి బయటికి. కాగితంలో రాయాలి."

"పదకొండూనా?" ఆయన ఒకటో పీపాని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "పండక్కి నెల కూడా లేదమ్మా. ఎక్కడ పెట్టుకుంటాం?"

ఫోన్ మళ్ళీ మోగింది. గూచా. ఎవరూ ఎత్తలేదు. డైరెక్టర్ ఫోన్ వంక చూశాడు, తెర వంక చూశాడు, గొట్టం వంక చూశాడు.

"రాయి," అన్నాడు.

బల్ల మీద చోటు లేక ఆయన సంతకం ఒకటో పీపా మూత మీద పెట్టాడు. పెర్సిదా మెళ్ళో తాళంతో పెట్టె తీసి ముద్ర కొట్టింది. తడి చెయ్యి కావడంతో గుండ్రటి ముద్ర కాస్త కరిగి, చుట్టూ పసుపుపచ్చ వలయం పాకింది. నెవెనా ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో, కొస దగ్గర పట్టుకుని తీసుకుంది. మూడు నెలలుగా ఎదురుచూసిన కాగితం. కంపు కొడుతోంది.

పన్నెండూ ఇరవైకి నలభై ఒక్క షాపులూ లేచాయి. నలభై ఒక్క సర్వర్లు నలభై ఒక్క నంబర్లు పుట్టించుకుని, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నాయి. గంట మోగలేదు. గూచాలో ముసలమ్మలు నిరాశపడ్డారని తర్వాత తెలిసింది.

గురువారం నాటికి పీపాలన్నీ వెళ్ళిపోయాయి. నాలుగోది మొదట వెళ్ళింది, దాన్లోకి తొమ్మిది పెద్దవి తిరిగొచ్చాక, అందరి ముందూ లెక్కబెట్టి. నెవెనా నేలని వేడినీళ్ళతో కడిగింది, గోడలు కడిగింది, ర్యాకు స్క్రూలు ఒక్కొక్కటే తుడిచింది. శుక్రవారం పొద్దున వరండాలో ఆగకుండా, ఊపిరి బిగబట్టకుండా, నవంబర్ వచ్చాక మొదటిసారి మామూలు మనిషిలా తలుపు తీసింది.

పొగ వాసన. వెల్లుల్లి. కొవ్వు.

ర్యాకుల వెనక, సర్వర్ల ఫ్యాన్లు వేడిగాలి ఊదే చోట, కేబుళ్ళు పోయే ఇనప చట్రం ఈ మూలనించి ఆ మూలకి ఉంది. దానికి వరసగా సాసేజీ దండలు వేలాడుతున్నాయి, గాలికి మెల్లగా ఊగుతూ. మధ్యలో నాలుగు పొగబెట్టిన పంది తొడలు. డైరెక్టర్ స్టూలెక్కి ఐదోది కడుతున్నాడు. పెర్సిదా కింద నిలబడి అందిస్తోంది. ఇద్దరూ రాజీపడ్డట్టున్నారు.

"చూడు కన్నా, ఏం గాలి! పొడిగా, ఒకే తీరుగా, ఇరవై నాలుగ్గంటలూ!" అన్నాడు డైరెక్టర్. "తొమ్మిదేళ్ళు ఆ పీపాలు అడ్డముండి ఈ సంగతి తట్టనేలేదు నాకు."

"డైరెక్టర్ గారూ, కాగితంలో..."

"కాగితంలో కాబేజీ అని ఉంది. చదువుకున్నా. మాటంటే మాటే, ఒక్క ఆకు లేదిక్కడ."

తొడ చివరనుంచి ఒక కొవ్వు చుక్క నెమ్మదిగా సాగి, ఆలోచించి, మాస్టర్ మూత మీద పడింది. నెవెనా దాని వంకే చూస్తూ నిలబడింది. ఆమెకి ఇరవై ఏడేళ్ళు. పెన్షన్‌కి ఇంకా ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది శీతాకాలాలు, ఏడాదికి ఐదు తొడలు.

"ఇదిగో, ఇది నీది," అంది పెర్సిదా, చట్రం చివర ఖాళీగా ఉన్న కొక్కెం చూపించి. దానికి తెల్ల టేపు అంటించి ఉంది, టేపు మీద డైరెక్టర్ చేతిరాత: నెవెనా. "కాంట్రాక్టు వాళ్ళకి ఇవ్వం. శాశ్వతం వాళ్ళకే."

నెవెనా వరండాలోకి వచ్చింది. కిటికీ తీసి తల బయటపెట్టి పీల్చింది. జేబులో ఫోన్ మోగింది. అమ్మ.

"ఏమే, కొక్కెం ఇచ్చారంట కదా? పెర్సిదా ఫోన్ చేసింది. నాకు ముందు చెప్పొద్దూ? ఈ ఆదివారం మావయ్య వాళ్ళు పందిని కోస్తున్నారు."

"అమ్మా, అది మందుల కంపెనీ సర్వర్ గది. అక్కడ..."

"తెలుసు, తెలుసు, గాలి బావుంటుందంట." ఆవల వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటున్న గొణుగుడు. "ఒక్క కొక్కెమేనా?"